కేశవులు సారు స్క్రీన్

దర్గా ఉరుసు ఇంకా నెల ఉందనగా కేశవులు సారు ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లబడింది.

బటన్ నొక్కితే లోపల ఫ్యాన్ తిరుగుతోంది. మూలనున్న చిన్న దీపం పచ్చగా వెలుగుతోంది. తెరుచుకునేటప్పుడు వచ్చే పాట ముక్క కూడా వస్తోంది. స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు, రాయని పలక మాదిరి. సారు దాన్ని మూసి తెరిచాడు. తట్టి చూశాడు. ఒక పూటంతా ఎండలో పెట్టి చూశాడు. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి కాబట్టి ఓపికకు లోటు లేదు. కానీ అది ఆయన బడిలో ఏ మొండి పిల్లవాడికీ తీసిపోలేదు.

ఇంకొకరి ల్యాప్‌టాప్ అయితే మాకేం పట్టేది కాదు. అందులో మా తత్వాలున్నాయి.

మేమంటే కుందూ ఏటి పక్కన, జొన్నచేల నడుమ ఉన్న చిన్న దర్గా దగ్గర ప్రతి బేస్తవారం కూడేవాళ్ళం. దూదేకులవాళ్ళం కొందరం, రెడ్లు కొందరు, బోయలు కొందరు, ఏ ఊరో చెప్పకుండా వచ్చి కూర్చునేవాళ్ళు కొందరు. దర్గా పక్క కొట్టంలో కాసింపీరా సామి ఉంటాడు. ఆయన మా అందరికీ గురువు. వయసులో ఉన్నప్పుడు భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకిన మనిషి. ఇప్పుడు విల్లు పట్టే బలం లేదు. అయినా ఎవరిదో ఒకరి పాత దిండు విప్పి ముందర వేసుకుని, గడ్డకట్టిన దూదిని వేళ్ళతో విడదీస్తూ ఉంటాడు. మనం చెప్పేది వింటాడు. తిరిగి మాట్లాడేది తక్కువ.

కేశవులు సారు పక్క ఊరి బడిలో తెలుగు పంతులు. సామి దగ్గరికి రావడం మొదలుపెట్టాక ఆయనకు ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఒక పని పెట్టుకున్నాడు. హుసేనప్ప పాడే తత్వాలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే పని.

హుసేనప్ప మా పాటగాడు. చదువు రాదు. తాత నోట విని నాయన, నాయన నోట విని ఈయన నేర్చుకున్నారు. ఎన్ని తత్వాలు వచ్చో ఆయనకే తెలియదు, ఒకటి పాడుతుంటే ఇంకొకటి గుర్తొస్తుంది. మేం వంత పాడేవాళ్ళం. మాకు పల్లవులే వచ్చు. చరణాలన్నీ హుసేనప్పవి.

సారు సాయంత్రాలు బడి అయ్యాక వచ్చి ఆయన ఎదురుగా కూర్చునేవాడు. హుసేనప్ప ఒక ముక్క పాడితే సారు రెండు వేళ్ళతో టకటక కొట్టేవాడు. మళ్ళీ పాడమనేవాడు. నిన్న ఒక తీరుగా పాడినావు, ఈ పొద్దు ఇంకో తీరుగా పాడుతున్నావు, ఏది సరైందో చెప్పప్పా అనేవాడు. హుసేనప్ప కాసేపు ఆలోచించి, రెండూ సరైనవే అనేవాడు. సారు ఒప్పుకునేవాడు కాదు. రెండిట్లో తనకు నచ్చినదాన్ని ఉంచి, రెండోది తీసేసేవాడు. సారు మంచివాడే, అందులో అనుమానం లేదు. మంచి చేస్తున్నాననే నమ్మకం ఒక పాలు ఎక్కువ, అంతే.

పని అయిపోయిన రోజు అందరికీ బొరుగులు, బెల్లం పంచిపెట్టాడు. హుసేనప్ప చేతిలో పిడికెడు ఎక్కువే పోసి, "ఇంక నువ్వు మర్చిపోయినా ఏం కాదప్పా. అన్నీ దీంట్లో భద్రంగా ఉండాయి," అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. హుసేనప్ప ఆ ల్యాప్‌టాప్ వైపు కొంచెంసేపు చూసి, అట్లనే సారూ అన్నాడు.

పోయిన ఏడాది ఉరుసులో జరిగింది చెప్పాలంటే ముందు మా అలవాటు ఒకటి చెప్పాలి. తత్వం పాడే మనిషికి నడుమ మాట తట్టకపోతే మా దగ్గర ఎవ్వరూ అందివ్వరు. వచ్చినా అందివ్వరు. వంత పాడేవాళ్ళం పల్లవి ఎత్తుకుంటాం. ఆయనకు మాట దొరికేదాకా దాన్నే తిప్పి తిప్పి పాడుతూ ఉంటాం. ఎంతసేపైనా సరే. వినేవాళ్ళకు కూడా అది తెలుసు, ఎవరూ లేచిపోరు. ఒక్కోసారి ఆ తిరగడంలోనే పాటకు ఊపు వస్తుంది.

ఆ రోజు హుసేనప్ప పాడుతున్నది ఇల్లు అలికిన ఆడమనిషి తత్వం.

అలికిన ఇంట్లోన అడుగెవరిదమ్మా
ఆరీ ఆరని నేల అచ్చెవరిదమ్మా

పల్లవి అయింది. చరణం ఎత్తుకుని, "తలుపు..." అని ఆగాడు. మాట తట్టలేదు. మేం పల్లవి అందుకున్నాం. రెండో తిప్పు తిరుగుతున్నాం. సారు ముందు వరసలో, మైకు పక్కనే, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. చటుక్కున వెతికి పట్టుకుని మైకులోకి వంగి చదివేశాడు. "తలుపు తీయకముందె తానొచ్చినాడమ్మా. అదీ హుసేనప్పా."

దర్గా నిండా జనం. మేం పల్లవి నడుమలోనే ఆపేశాం. హుసేనప్ప సారు చెప్పిన మాటనే పాడాడు. తప్పు పోకుండా, మెల్లగా, చివరిదాకా పాడి దిగిపోయాడు. సారు ముఖం వెలిగిపోతోంది. ఇన్నాళ్ళ కష్టం అక్కరకు వచ్చిందని ఆయన సంతోషం.

తర్వాత వచ్చిన బేస్తవారం హుసేనప్ప వేదిక ఎక్కలేదు. దర్గా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాడు అప్పా అంటే, "సారు కాడ ఉండాయి గదా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అదే మాకు ఎక్కువ బాధగా ఉండేది. మళ్ళీ బేస్తవారం అదే మాట. ఏడాది గడిచింది. మెల్లగా ఆయన మాట్లాడటం కూడా తగ్గించాడు. వంత పాడేవాళ్ళం చేతులు ముడుచుకుని కూర్చుని, టీ తాగి ఇళ్ళకు పోయేవాళ్ళం.

ఎందుకిట్ల అయిందో మాకందరికీ తెలుసు. సారుకు ఒక్కడికే తెలియదు. వయసు మీద పడింది, జ్ఞాపకం పోతోంది, పాపం అనేవాడు. లోపల ఇంకేం మిగలలేదప్పా, దేవుడు ముందే బుద్ధి పుట్టించి రాయించాడు అని మాతోనే అనేవాడు. చెప్పడానికి మాకు నోరు రాలేదు. పంతులాయన. మా పిల్లలకు చదువు చెప్పే మనిషి. సామి అయినా ఒక్క మాట అనొచ్చు కదా అని నేను చాలా రోజులు కాచుకున్నాను. సామి ఏమీ అనలేదు. ఉన్న మాట చెప్పాలంటే, నాకు సామి మీద కూడా కోపం వచ్చింది.

ఇట్లా ఉండగా ఈ ఏడాది ఉరుసు దగ్గరపడింది. పాట లేకుండా గంధం ఎత్తితే బాగుండదని సారు నంద్యాల నుంచి ఒక భజన బృందాన్ని మాట్లాడాడు. మంచి గొంతులున్న పిల్లలు. మాటలు రాసి పంపితే నేర్చుకుని వచ్చి పాడతామన్నారు. మాటలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. సరిగ్గా అప్పుడే అది నల్లబడింది.

ఇంక చూడండి సారు తిరుగుడు.

ముందు నంద్యాల పోయాడు. అక్కడ రిపేరు షాపతను బటన్ నొక్కి, తన ఫోను దీపం వెలిగించి, స్క్రీన్ మీద పక్కనుంచి పడేట్టు పట్టాడు. నల్లటి దానిలో నుంచి సన్నగా అక్షరాలు తేలాయి. బొమ్మ ఉంది సార్, వెనకాల వెలుతురు ఇచ్చే ట్యూబు పోయింది అన్నాడు. ట్యూబు వేయమంటే, ఆ ట్యూబులు రావడం ఎప్పుడో ఆగిపోయింది, స్క్రీన్ మొత్తం మార్చాల్సిందే అన్నాడు. స్క్రీన్ వేయమంటే, దీని స్క్రీన్లు కూడా రావడం లేదు, ఇదే రకం పాతది ఎక్కడైనా దొరుకుతుందేమో చూసుకోమన్నాడు. టీవీకి తగిలించి చూద్దామంటే ఆ వైరు దూర్చే చోటు ఎప్పుడో కిందపడి చితికిపోయింది. లోపలి డిస్కు బయటికి తీసి ఎక్కిస్తానన్నాడు కానీ, అది కరకరలాడుతోంది, తీస్తే మళ్ళీ తిరుగుతుందో లేదో తన పూచీ లేదన్నాడు. సారు రెండు చేతులా ల్యాప్‌టాప్ వెనక్కి లాక్కున్నాడు. ఇంకోచోట కాపీ పెట్టుకోలేదా సార్ అని ఆ మనిషి అడిగితే సంచి తీసుకుని షాపు దిగాడు. ఆ ప్రశ్న మేం కూడా అడిగాం. అన్నీ దిద్దడం అయ్యాక ఒకేసారి పుస్తకం వేయిద్దామనుకున్నాడట.

తర్వాత కర్నూలు. అక్కడ అదే పేరున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి దొరికింది. మూత మీద పేరు అదే, రంగు అదే. సారు పొంగిపోయి తెచ్చాడు. విప్పి చూస్తే లోపలి స్క్రీన్ వేరే. దాన్ని తగిలించే చోటు, దీన్ని తగిలించే చోటు కలవలేదు. పేరు చూసి కొంటే ఎట్లా సార్, స్క్రీన్ విప్పి వెనకాల ఉండే నంబరు చూడాలి అన్నాడు నంద్యాల షాపతను. ఆ నంబరు కాగితం మీద రాసుకుని ఇంటర్నెట్‌లో వెతికించాడు. ఎక్కడి నుంచో పార్సెల్ వచ్చింది. అట్టపెట్టె కదిపితే లోపల గాజు గలగలమంది.

చివరికి బడికి సెలవు పెట్టి హైదరాబాదు పోయాడు. పాత సామాను అమ్మే సందుల్లో ఒక్కో షాపు మెట్లు ఎక్కి దిగాడు. కొందరు నంబరు చూసి నవ్వారు. ఒకాయన టీ ఇప్పించి, ఇంత పాతదాని కోసం ఎందుకు సార్ కష్టపడతారు, కొత్తది తీసుకోండి అన్నాడు. కొత్తదానిలో మా తత్వాలు లేవు కదా అని సారు జవాబు.

ఆ బేస్తవారం మధ్యాహ్నం ఆయన హైదరాబాదు బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా కొట్టానికి వచ్చాడు. ఉరుసు వచ్చే వారమే. సామి ఒక్కడే ఉన్నాడు. నేను నీళ్ళ కుండ నింపడానికి పోయి అక్కడే నిలబడిపోయాను.

సారు సంచి దించి, చాప మీద కూలబడి అంతా చెప్పుకున్నాడు. కండ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేదేమో. సామి దూది విడదీస్తూ విన్నాడు.

"ఇంక దొరకదు సామీ. దీని కాలం అయిపోయింది," అన్నాడు సారు.

"చచ్చిపోయిందా?"

"చావలేదు సామీ. లోపల అన్నీ ఉండాయి. వెనకాల వెలుతురు పోయింది, అంతే."

"ఉండాయని నీకెట్ల తెలుసు?"

సారు నంద్యాల షాపతను ఫోను దీపం పట్టి చూపించిన సంగతి చెప్పాడు. సామి దూది పక్కకు పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"ఏదీ, నాకు చూపించు."

సారుకు ఇష్టం లేదు. అట్లా చూస్తే ఒకటి రెండు మాటలు కనపడతాయి కానీ ఒక తత్వం మొత్తం ఎప్పటికి చదవాలి, ఎప్పటికి రాయాలి అని గొణిగాడు. సామి వినిపించుకోలేదు. నన్ను తలుపు వేయమన్నాడు, కిటికీకి గోనెపట్ట కట్టమన్నాడు. దిండు కింద నుంచి తన పాత టార్చి తీశాడు, ఏటి దాకా పోయేటప్పుడు పట్టుకునేది. సారు ల్యాప్‌టాప్ తెరిచి బటన్ నొక్కాడు. ఫ్యాన్ తిరిగింది, పాట ముక్క వచ్చింది, సారు తడుముకుంటూ ఏవో నొక్కాడు. స్క్రీన్ నల్లగానే ఉంది.

సామి ఎదురుగా కూర్చుని టార్చి వెలిగించి సూటిగా దాని మీద వేశాడు. గాజు మీద తెల్లటి గుండ్రం ఒకటి పడి, తిరిగి ఆయన ముఖానికే కొట్టింది. సామి కండ్లు చికిలించాడు.

"ఏం లేదే. నా టార్చే నాకు కనపడతాంది."

"ఎదురుగా వేస్తే అంతే సామీ," అన్నాడు సారు, బడిలో చెప్పినట్టు. "మన వెలుతురే మన కండ్లల్లో పడతాది. పక్కన కూర్చోని, వాలుగా పట్టుకోవాల. మరీ ఎక్కువ వెలుతురు గూడా పనికిరాదు."

"అట్లనా."

సామి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, వచ్చి సారు పక్కన కూర్చున్నాడు. టార్చి గాజుకు వేళ్ళు అడ్డం పెట్టి వెలుతురు తగ్గించాడు. పక్కనుంచి, కింద నుంచి, మెల్లగా పైకి జరిపాడు. నలుపు లోపల నుంచి అక్షరాలు వచ్చాయి. పలచగా, కాగితం వెనక వైపు నుంచి చూసినట్టు. టార్చి జరిగితే అవి పోయి పక్కవి వస్తున్నాయి.

"చదువు," అన్నాడు సామి.

సారు ముందుకు వంగి ఒక్కో మాటే కూడబలుక్కుని చదివాడు. ఒకటో తరగతి పిల్లవాడు చదివినట్టుంది. అలికిన ఇంట్లోన. అడుగెవరిదమ్మా. ఆరీ ఆరని నేల. అచ్చెవరిదమ్మా. టార్చి కిందికి జరిగింది. తలుపు తీయకముందె. తానొచ్చినాడమ్మా.

అక్కడ సారు ఆగాడు. పోయిన ఉరుసులో మైకులో చదివింది ఆ మాటే. ఆయనకు అది గుర్తొచ్చిందో లేదో చీకట్లో నాకు తెలియలేదు. నాకు మాత్రం గుర్తొచ్చింది.

సామి టార్చి ఆర్పేశాడు.

"అన్నీ ఉండాయే."

"ఉండాయి సామీ."

"దీనికోసం యాడిదాకా పోతివి?"

"హైదరాబాదు దాకా పోయొచ్చినా సామీ."

సామి లేచి పోయి తలుపు తీశాడు. ఎండ లోపలికి పడింది. ఎదురుగా దర్గా గోడ, గోడకు ఆనుకుని హుసేనప్ప. రోజూ కూర్చునే చోటే, నీడ జరిగినకొద్దీ తానూ కొంచెం జరుగుతూ. కొట్టానికీ ఆ గోడకూ నడుమ ఎవరైనా పిలిస్తే పలికేంత దూరం.

"ఈ పొద్దు బేస్తవారం," అన్నాడు సామి. "పోయి పక్కన కూర్చో."

ఎవరి పక్కన అని చెప్పలేదు. తన చోటుకు పోయి, దూది ముందుకు లాక్కున్నాడు.

సారు లేచి వాకిలి దాకా పోయి, ద్వారబంధం మీద చేయి పెట్టి నిలబడ్డాడు. వెనకాల చాప మీద ల్యాప్‌టాప్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఆయన హుసేనప్పను చూస్తూ ఉండిపోయాడు. ఏడాదిగా చూస్తూనే ఉన్న మనిషిని అంతసేపు ఎందుకు చూస్తున్నాడో అడగాలనిపించింది, అడగలేదు. ఒకసారి వెనక్కి తిరిగి, సామీ అన్నాడు. సామి తల ఎత్తలేదు.

ఆయన ఫోను మోగింది. నంద్యాల భజన బృందం వాళ్ళు. మాటలు ఎప్పుడు పంపిస్తారు సార్ అని అడుగుతున్నట్టుంది. సారు, తర్వాత ఫోను చేస్తాను నాయనా అని పెట్టేశాడు.

సందెవేళ మగ్రిబ్ నమాజు అయింది. ఫాతిహా చదివింపులు అయ్యాయి. సాంబ్రాణి పొగ ఇంకా పోలేదు. మామూలుగా అయితే సారు వేదిక ముందర, మైకు పక్కన కూర్చుంటాడు. ఆ చోటు ఆయనదని మేమంతా వదిలేస్తాం. ఆ రోజు అది ఖాళీగా ఉంది. సారు గోడ దగ్గరికి పోయి హుసేనప్ప పక్కన కింద కూర్చున్నాడు. చేతిలో సంచి లేదు. హుసేనప్ప తన తుండుగుడ్డ జరిపి చోటిచ్చాడు.

"దొరికిందా సారూ?"

"లేదప్పా."

"అయ్యో. అన్నీ దాంట్లోనే ఉండె గదా," అన్నాడు హుసేనప్ప. నిజంగానే బాధపడి అన్నాడు.

సారు తల దించుకుని, నేల మీదున్న వేపాకు తీసి తుంచుతూ కూర్చున్నాడు. నేను వంతవాళ్ళలో కూర్చుని వాళ్ళిద్దరి వైపే చూస్తున్నాను. ఆ రోజు ఎందుకో ఎవరమూ టీ కోసం లేవలేదు.

అప్పుడు సారు పాడాడు.

కేశవులు సారు గొంతు గురించి మేం ఎప్పుడూ ఏమీ అనుకోలేదు, ఎందుకంటే అంతకుముందు అది వినలేదు. వినకపోవడమే మేలు. శ్రుతి లేదు, తాళం లేదు, హాజరు పిలిచినట్టుంది. కానీ పాడాడు. అలికిన ఇంట్లోన అడుగెవరిదమ్మా. ఆరీ ఆరని నేల అచ్చెవరిదమ్మా. పాడి ఆగి, మళ్ళీ అదే పాడాడు.

మూడోసారికి మా వంతవాడు పెద్దకాశిం గంజిర తీశాడు. మేం వంత అందుకున్నాం. ఏడాది తర్వాత గొంతు విప్పితే ఎట్లా ఉంటుందో నాకు చెప్పడం రాదు. గోడవైపు చూడకూడదని అందరం కూడబలుక్కున్నట్టు వేరే వైపు చూస్తూ పాడాం. హుసేనప్ప కదల్లేదు. మేం తిప్పాం. మళ్ళీ తిప్పాం. సాంబ్రాణి ఆరిపోయింది. పొలాల నుంచి ఇంటికి పోయేవాళ్ళు కొందరు దారిలో ఆగి, గట్టు మీద కూర్చున్నారు.

తర్వాతి మాట సారుకు తెలుసు. ఆ మధ్యాహ్నమే టార్చి వెలుతుర్లో చదివాడు. అది ఆయన నాలుక మీదికి రావడం నేను చూశాను. పల్లవి అయిన ప్రతిసారీ పెదవులు కదిలేవి, తలుపు అనే మాటకు తిరిగేవి. అంతలోనే గట్టిగా మూసుకుని, మళ్ళీ పల్లవి ఎత్తుకునేవాడు. పంతులు పని చేసిన మనిషి తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఆయన రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుని ఉన్నాడు.

ఎన్ని తిప్పుల తర్వాతనో, "తలుపు..." అని వినపడింది.

సన్నగా ఉంది. తుప్పు పట్టిన గడియ తీసినట్టుంది. అయినా హుసేనప్ప గొంతే. సరిగ్గా పోయిన ఏడాది ఆగిన చోటనే ఆగింది.

అందరం సారు వైపు చూశాం. సారు కండ్లు మూసుకున్నాడు. అలికిన ఇంట్లోన అని ఆయనే ముందుగా అందుకున్నాడు, ఇదివరకంటే మెల్లగా. మేం వెంట పోయాం. తిప్పి పాడాం. మళ్ళీ తిప్పి పాడాం. హుసేనప్ప వీపు గోడ వదిలి ముందుకు వచ్చింది. చేయి పక్కకు చాపి, సారు మోకాలి మీద పెట్టాడు.

తలుపు మూసినవాడె తట్టుతున్నాడమ్మా

అని పాడాడు.

ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. వాళ్ళ తాతదో, అప్పటికప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ల్యాప్‌టాప్‌లో మాత్రం లేదు.

చరణం పాడి హుసేనప్ప ఆగాడు. ఇప్పుడు పల్లవి అందుకోవాల్సింది సారు. ఆయన నోరు తెరిచాడు. అలికిన అన్నాడు. తర్వాతి మాట రాలేదు. కండ్లలో నీళ్ళు గడ్డం దాకా జారాయి. మళ్ళీ అలికిన అని అక్కడే ఆగిపోయాడు. పసిపిల్లలకు కూడా వచ్చే పల్లవి అది.

ఎవ్వరూ అందివ్వలేదు.

కొట్టం వాకిట్లో నుంచి సామి గొంతు వినపడింది. ఆయన పాడగా మేం ఎన్నడూ వినలేదు. ఆయన ఎత్తుకోగానే హుసేనప్ప కలిశాడు. మేమంతా కలిశాం. సారుకు మాట దొరికేదాకా ఆ పల్లవినే తిప్పి తిప్పి పాడుతూ ఉన్నాం.